రిటైరయ్యాక టైంటేబుల్ రోజుకి వద్దు, వారానికి వేసుకోండి

రిటైరైనవాళ్ల నోట రెండు మాటలు తరచుగా వింటుంటాం. ఒకటి "పొద్దు పోవట్లేదండీ". రెండోది "ఉద్యోగం చేసినప్పుడే నయం, ఇప్పుడసలు తీరికే దొరకట్లేదు". వినడానికి ఒకదానికొకటి పొసగని మాటలు. కానీ చాలాసార్లు ఒకే మనిషి ఒకే వారంలో రెండూ అంటాడు. నేనూ అన్నాను, రెండింటికీ మూలం ఒకటేనని అర్థం కావడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. రోజులన్నీ ఒకేలా ఉండి, ఏ పనికీ ఒక చోటంటూ లేనప్పుడు చేయాల్సిన పనులన్నీ పొద్దస్తమానం నెత్తిమీద ఉన్నట్టే ఉంటాయి, రాత్రి పడుకునే ముందు తలచుకుంటే చేసిందేమీ కనపడదు.

నేను రిటైరై నాలుగేళ్లు దాటింది. మొదటి రెండు నెలలు నిజంగా హాయిగా గడిచాయి, అలారం లేదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. మూడో నెలలో ఒకరోజు ఏదో ఫారం నింపుతుంటే తేదీ రాయాల్సి వచ్చింది. తేదీ సంగతి అటుంచి, అది ఏ వారమో కూడా తోచలేదు. ఫోన్ చూస్తే గురువారం. ఎవరైనా సోమవారమని చెప్పినా నమ్మేవాణ్ణి, శనివారమని చెప్పినా నమ్మేవాణ్ణి. ఆరోజు చాలా కంగారుపడ్డాను.

వెంటనే ఒక టైంటేబుల్ రాసుకున్నాను. ఐదున్నరకి లేవడం, ఆరుకి వాకింగ్, ఏడున్నరకి పేపరు, తొమ్మిది నుంచి చదువు, ఇలా రాత్రి పది దాకా గంట గంటకీ రాసి బీరువా తలుపుకి అంటించాను. ఎనిమిది రోజులు నడిచింది. తొమ్మిదో రోజు పొద్దున్నే చుట్టాలొచ్చారు, ఆరోజు మొత్తం తప్పింది, మర్నాడు ఒంట్లో బాగోలేదు, ఆ తర్వాత ఆ కాగితం వైపు చూడాలంటేనే మనసొప్పలేదు. ఆఫీసులో గంటల లెక్కన రోజు నడిచేదంటే అక్కడ దాన్ని నడిపించే మనుషులు చుట్టూ ఉండబట్టి. ఇంట్లో ఆ గంటలకి మనమొక్కళ్లమే కాపలా, ఒక్క గంట జారితే దాని వెనకే మిగతావన్నీ జారతాయి.

అందుకే చెప్తున్నాను, సమతూకం రోజులో వెతక్కండి, వారంలో వెతకండి. ఒక రోజంతా పుస్తకంతోనో నిద్రతోనో గడిచిపోయినా నష్టమేమీ లేదు. ఏడు రోజులు కలిపి చూస్తే ఒళ్లు కదిలిందా, మనుషులతో మాట్లాడామా, బుర్రకి పని పడిందా, ఎవరికైనా అక్కరకొచ్చామా, ఊరికే కూర్చునే వీలు చిక్కిందా అన్నదే లెక్క. రోజు తప్పిపోయినా వారంలో సర్దుకోవడానికి ఇంకా ఆరు రోజులుంటాయి.

ఉద్యోగం జీతంతోపాటు ఇంకేమిచ్చేది

కాగితం తీసే ముందు ఇది కాసేపు ఆలోచించండి, ఎందుకంటే పోయినదేమిటో తెలియకుండా దాని చోట ఏం పెట్టాలో తెలియదు.

1930ల మొదట్లో ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గరున్న మారియెంథాల్ అనే ఊళ్లో బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని పోగొట్టుకుంది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరిని దగ్గరగా గమనించి 1933లో ఆ వివరాలు ప్రచురించారు. అందులో నన్ను బాగా పట్టుకున్న సంగతి ఏమిటంటే, అంత ఖాళీ దొరికాక జనం ఎక్కువ చదవాలి కదా, లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం బాగా తగ్గిపోయింది. మగవాళ్ల నడక నెమ్మదించింది, వీధిలో మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు, చాలామంది వాచీ పెట్టుకోవడం మానేశారు, పొద్దుట్నుంచీ ఏం చేశారని అడిగితే చెప్పడానికి తడుముకునేవాళ్లు. ఆడవాళ్లకి మాత్రం ఇంటి పని, పిల్లల పని ఉండటంతో వాళ్ల రోజు చెదరలేదు. నిజమే, అక్కడ ఆకలి, పేదరికం కూడా ఉన్నాయి, పెన్షనుతో ఇంట్లో కూర్చున్న మన పరిస్థితి అది కాదు. అయినా ఖాళీ ఎక్కువైనంత మాత్రాన ఇష్టమైన పనులు వాటంతటవే జరగవన్నది మనకీ వర్తిస్తుంది. "రిటైరయ్యాక తీరిగ్గా చదువుతా" అని దాచుకున్న పుస్తకాలు రెండేళ్లు నా షెల్ఫులో అలాగే ఉండిపోయాయి.

యహోదా తర్వాతి కాలంలో ఇదే విషయం మీద ఇంకా రాస్తూ, ఉద్యోగం జీతంతో పాటు ఐదు ఇస్తుందని చెప్పింది. రోజుకో క్రమం, ఇంటి బయటి మనుషులతో పరిచయం, నలుగురూ కలిసి సాధించే ఏదో ఒక లక్ష్యం, నలుగురిలో ఒక గుర్తింపు, క్రమం తప్పని పని. మీ విషయంలో ఈ ఐదింటిలో ఏది పోయినందుకు ఎక్కువ లోటుగా ఉందో నిజాయితీగా చూసుకోండి. కొందరికి మనుషులు, కొందరికి గుర్తింపు. నాకైతే "నాకోసం ఎవరో ఎదురుచూస్తున్నారు" అన్న భావన పోవడమే అన్నింటికన్నా బరువుగా అనిపించింది. మీ వారం ప్లాన్ అక్కణ్ణుంచి మొదలవ్వాలి, వేరేవాళ్ల ప్లాన్ చూసి కాదు.

ముందు ఒక వారం రాసి చూడండి

ఏమీ మార్చకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మూడుసార్లు రెండేసి లైన్లు రాయండి, అప్పటిదాకా ఏం చేశారు, ఎవరితో మాట్లాడారు, ఒళ్లు ఎలా ఉంది. రాత్రి ఒకేసారి రాద్దామనుకుంటే సగం మర్చిపోతాం, మిగతా సగం కాస్త మెరుగులు దిద్ది రాస్తాం. ఏడు రోజులయ్యాక పెన్సిల్‌తో పక్కన గుర్తులు పెట్టండి, ఒంటికి సంబంధించినవి ఒక గుర్తు, మనుషులవి ఒకటి, బుర్రవి ఒకటి, ఇంటి పనులు, బయటి పనులు ఒకటి, ఇంకొకరి కోసం చేసినవి ఒకటి, ఊరికే గడిచినవి ఒకటి.

నేను రాసినప్పుడు బయటపడింది ఇది: వారంలో నాలుగు రోజులు ఇంట్లోవాళ్లతో తప్ప ఒక్క మనిషితో కూడా ఎదురుగా కూర్చుని మాట్లాడలేదు. రోజూ బోలెడంత మాట్లాడుతున్నాననే అనుకున్నాను, తీరా చూస్తే అదంతా ఫోన్లో మెసేజీలు. టీవీ ముందు కూర్చున్న గంటలు కూడా నేననుకున్నదానికి రెట్టింపు ఉన్నాయి. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కొలవకుండా సరిచేయలేం, అంతే.

ఇరవై ఒక్క గడులు

వారానికి 168 గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున నిద్రకి 56 తీసేస్తే 112 మిగులుతాయి. వీటన్నిటినీ నింపాలని చూస్తే అది ఇంకో ఉద్యోగం అవుతుంది, అందుకే గంటలు వదిలేయండి. ఒక తెల్లకాగితం మీద ఏడు నిలువు వరసలు గీయండి, రోజుకొకటి. అడ్డంగా మూడు, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. మొత్తం 21 గడులు. ఈ ఇరవై ఒక్కటిలో పది, పదకొండు మాత్రమే నింపాలి. మిగతావి ఖాళీగా ఉంచడం కూడా ప్లాన్‌లో భాగమే, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందుగా నింపాల్సినవి గుంజలు. పందిరి వేసేటప్పుడు ముందు నాలుగు గుంజలు పాతుతాం, తీగ తర్వాత దానంతటది అల్లుకుంటుంది. వారానికి కూడా మూడో నాలుగో గుంజలుండాలి. ఏది గుంజ అవుతుందంటే, అందులో మీరు కాక ఇంకొక మనిషి ఉండాలి, ఆ టైము మీ ఇష్టం వచ్చినట్టు మార్చుకునేది కాకూడదు, మీరు రాకపోతే "ఏమైంది, రాలేదేం" అని ఒక్కరైనా అడగాలి. వారానికి రెండుసార్లు జరిగే ఒక క్లాసు, ఒక స్నేహితుడితో ఖాయం చేసుకున్న నడక, ఒక పిల్లవాడికి లెక్కలు చెప్పడం, లైబ్రరీలో వారానికో పూట సాయం, ఏదైనా సరే. "రోజూ యోగా చేస్తా" అన్నది మంచి మాటే కానీ గుంజ కాదు, అది మీరొక్కరే మీకు ఇచ్చుకున్న మాట, వాన పడగానే కదిలిపోతుంది.

గుంజల్ని పక్కపక్కనే పాతకండి. మంగళ, బుధవారాల్లో మూడూ పెట్టేసుకుంటే మిగతా ఐదు రోజులూ కుంగిపోతాయి. ఒకటి తప్పకుండా సోమవారం పొద్దున పెట్టండి. ఎందుకో గానీ లోకమంతా పనికి వెళ్లే ఆ పూట ఇంట్లో ఉండటం చాలామందికి కష్టంగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంటుంది, అందుకే నా క్లాసు సోమవారం తొమ్మిదిన్నరకి పెట్టుకున్నాను. ఒకటి వారం మధ్యలో, ఒకటి శుక్ర, శనివారాల దగ్గర. అప్పుడు ప్రతి రోజూ ఏదో ఒక గుంజకి ముందురోజో, తర్వాతిరోజో అవుతుంది, రోజుల పేర్లు మళ్లీ గుర్తుంటాయి.

ఒంటికి వారం లెక్కే సరిపోతుంది

వ్యాయామం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వారం లెక్కే చెప్తుంది, రోజు లెక్క కాదు. 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 65 ఏళ్లు దాటినవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలి, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ. దానికి తోడు కండరాలకి బలమిచ్చే వ్యాయామం వారంలో కనీసం రెండు రోజులు, పడిపోకుండా నిలదొక్కుకునే సాధన కనీసం మూడు రోజులు. మొదటిది చాలామంది చేస్తారు. మిగతా రెండూ దాదాపు అందరూ వదిలేస్తారు, నాకు దీనిమీదే బెంగ, ఎందుకంటే వాకింగ్ ఎంత చేసినా చేతులకీ నడుముకీ బలం రాదు, పెద్ద వయసులో ఒక్కసారి పడితే తుంటి ఎముక విరిగి మంచాన పడే ప్రమాదముంది.

ఒక మోస్తరు శ్రమ అంటే ఏమిటో తేల్చుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి, అది సరైన వేగం. పాట కూడా పాడగలుగుతున్నారంటే కాస్త వేగం పెంచండి, రెండు మాటలు కలపడానికే ఆయాసమొస్తే తగ్గించండి. అరగంట చొప్పున ఐదు రోజులు నడిస్తే 150 నిమిషాలు అయిపోతాయి. అరగంట ఒకేసారి కుదరకపోతే పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట నడిచినా లెక్కలోకొస్తుంది.

బలానికి మొదట్లో జిమ్ అక్కర్లేదు. గట్టి కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేచి నిలబడి మళ్లీ నెమ్మదిగా కూర్చోండి, ఎనిమిది నుంచి పది సార్లు, కాస్త ఆగి మళ్లీ ఒక విడత. కూర్చునేటప్పుడు ధబీమని పడకుండా నెమ్మదిగా దిగడంలోనే కండరానికి అసలు పని. గోడకి అడుగు దూరంలో నిలబడి రెండు చేతులూ గోడకి ఆనించి వంగి లేవడం ఇంకొకటి. నిలదొక్కుకునే సాధనకి వంటగది గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, మడమ బొటనవేలికి తగిలేలా ఒకే గీత మీద నడవడం చాలు, గట్టు చేతికందేంత దగ్గరలో ఉండాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, తల తిరిగేవాళ్లు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్లు ముందు డాక్టర్ని అడిగి మొదలుపెట్టండి.

వీటిని కాగితం మీద ఎక్కడ పెట్టాలంటే, విడిగా గడి ఇవ్వకండి. నడకని గుంజకి కట్టేయండి, క్లాసుకి నడిచి వెళ్లండి, స్నేహితుణ్ణి కలిసేది నడుస్తూ కలవండి. కుర్చీ వ్యాయామం మంగళ, శుక్రవారాల్లో స్నానానికి ముందు. పళ్లు తోముకునేటప్పుడు రెండో చేత్తో గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడండి, అదైతే వారానికి మూడేమిటి, రోజూ అవుతుంది.

నిద్ర సంగతి క్లుప్తంగా. లేచే టైము ఏడు రోజులూ ఒకటే ఉంచండి, పడుకునే టైము కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు. లేచిన గంటలోపు బయటి వెలుతురులోకి రండి, ఒంట్లో గడియారం సరిపడేది దానితోనే. మధ్యాహ్నం కునుకు తీస్తే ఇరవై, ముప్ఫై నిమిషాలు చాలు, అదీ మూడు కొట్టేలోపే. సాయంత్రం ఐదింటికి గంటన్నర నిద్రపోయి రాత్రి నిద్ర పట్టట్లేదని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను.

చిల్లర పనులకి ఒకే ఒక్క పూట

1955లో నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటిష్ రచయిత రాసిన ఒక వ్యాసంలో, ఎంత టైము ఇస్తే పని అంతకి సాగుతుందని చెప్తూ, తీరికగా ఉన్న ఒక పెద్దావిడ మేనగోడలికి పోస్ట్‌కార్డు రాసి పంపడానికి రోజంతా తీసుకోవడాన్ని ఉదాహరణగా ఇస్తాడు. కార్డు వెతకడం, కళ్లద్దాలు వెతకడం, చిరునామా వెతకడం. "తీరికే ఉండట్లేదు" అనే మాట వచ్చేది ఇక్కణ్ణుంచే. బ్యాంకు పని ఒకరోజు, కరెంటు బిల్లు ఒకరోజు, కుళాయి బాగుచేయించడం ఒకరోజు, మందులు తేవడం ఒకరోజు, ఇలా ఒక్కో పనికి ఒక్కో రోజు ఖర్చయిపోతుంది.

దీనికి నేను చేసింది, బుధవారం పొద్దుటి గడి మీద "పనులు" అని రాయడం. వారమంతా గుర్తొచ్చిన పనులన్నీ ఒక చీటీ మీద రాసుకుంటాను, బుధవారం తొమ్మిది నుంచి పన్నెండు దాకా వరసగా చేసుకుంటూ పోతాను, మిగిలినవి వచ్చే బుధవారానికి. నిజంగా అర్జంటైనవి తప్ప మధ్యలో ముట్టుకోను. డాక్టర్ దగ్గరికి వెళ్లేవి కూడా వీలైనంతవరకు అదే రోజు సాయంత్రం అడుగుతాను. దీనివల్ల మిగతా ఆరు పొద్దుటి పూటలు నావయ్యాయి. మొత్తం ప్లాన్‌లో ఒకే ఒక్కటి పాటించగలను అనేవాళ్లు ఇది పాటించండి.

ఇంట్లో ఇంకో మనిషి ఉన్నారు

ఇది చాలామంది చెప్పరు, కానీ ముఖ్యమైనది. మీరు రిటైరయ్యారు, మీతో ఉండే మనిషి రిటైరయ్యారా? ఇల్లు చూసుకునేవాళ్లకి రిటైర్మెంట్ తేదీ ఉండదు. ముప్ఫై ఏళ్లుగా పగలంతా ఇంట్లో తనదైన ఒక క్రమం పెట్టుకున్న మనిషి మధ్యలోకి ఒకరోజు హఠాత్తుగా మనం వచ్చి కూర్చుంటాం, టీవీ పెడతాం, గంటకోసారి ఏదో అడుగుతాం, అలా కాదు ఇలా చెయ్యమని సలహా కూడా ఇస్తాం. నా భార్య మూడో నెలలోనే నెమ్మదిగా చెప్పింది, "మీరు ఇంట్లో ఉండటం నాకిష్టమే, కానీ పదకొండు నుంచి ఒంటిగంట దాకా నాకు ఇల్లు కావాలి" అని. అప్పుడు బాధ కలిగింది. తర్వాత ఆలోచిస్తే అంత న్యాయమైన కోరిక ఇంకొకటి లేదనిపించింది.

కాబట్టి కాగితాలు రెండు గీయండి, పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. ఎవరికి ఏ పూట ఒంటరిగా కావాలి, ఏ పూట ఇద్దరూ కలిసి, ఏ ఇంటి పనులు ఇప్పట్నుంచి మీవి. "సాయం చేస్తాను" అనకండి, ఫలానా రెండు పనులు పూర్తిగా నావి అని తీసుకోండి, తీసుకున్నాక ఎలా చేయాలో అడిగి నేర్చుకోండి. ఇద్దరూ కలిసి గడిపే గడులు రెండు చాలు మొదట్లో, అవి మాత్రం గుంజల్లాగే చూడాలి.

మనవల్ని చూసుకోవడం గురించి కూడా ఇక్కడే. పిల్లలు అడిగితే కాదనలేం, కాదనాలని కూడా ఉండదు. కానీ "ఎప్పుడైనా సరే" అంటే ప్రతి పూటా మీరు డ్యూటీలో ఉన్నట్టే. "మంగళవారం, గురువారం సాయంత్రాలు మావి, అత్యవసరమైతే ఎప్పుడైనా" అని చెప్పి చూడండి. పిల్లలకీ అదే నయం, ఏ రోజు అడగొచ్చో ముందే తెలుస్తుంది, మీరూ ఆ రోజుల కోసం ఎదురుచూస్తారు.

మనుషులు, చదువు

పాత ఆఫీసువాళ్ల ఫోన్లు మొదటి ఏడాదిలోనే తగ్గిపోతాయి. మనసుకి పట్టించుకోకండి, వాళ్ల రోజులు అలా నిండి ఉన్నాయి, మనమూ మన ముందు రిటైరైనవాళ్లకి అంతే చేశాం. ఎదురుచూడటం మాని, వారానికి ఇద్దరికి మీరే ఫోన్ చేయండి, ఒక ఖాయమైన పూట. నేను ఆదివారం సాయంత్రం చేస్తాను, ఒక పాత స్నేహితుడు ఇప్పుడు ఆ టైముకి ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చుంటున్నాడు. ఇక మీకన్నా ఇరవై, ముప్ఫై ఏళ్లు చిన్నవాళ్లతో కలిసే చోటు ఒక్కటైనా చూసుకోండి, మన వయసువాళ్లే కలిస్తే మాటలు తిరిగి తిరిగి మందుల దగ్గరికే వస్తాయి.

నేర్చుకునేది ఏదైనా కాస్త కష్టమైనదే ఎంచుకోండి. అమెరికాలో డెనీస్ పార్క్ అనే పరిశోధకురాలి బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, 60 ఏళ్లు దాటినవాళ్లు కొందరు మూడు నెలల పాటు వారానికి పదిహేను గంటల చొప్పున డిజిటల్ ఫోటోగ్రఫీ, క్విల్టు (గుడ్డముక్కల బొంత) కుట్టడం లాంటి కొత్త పనులు నేర్చుకున్నారు. ఇంకొందరు సరదాగా కలిసి కబుర్లు, ఆటలతో గడిపారు. జ్ఞాపకశక్తి మెరుగుపడింది కొత్తది నేర్చుకున్నవాళ్లకి. పదిహేను గంటలు అందరికీ కుదరవు, నాకూ కుదరవు, నేను పెట్టింది నాలుగు గంటలు, రెండు గడులు. నాకర్థమైనదేమిటంటే, ఇప్పటికే తెలిసిన పనినే మళ్లీ మళ్లీ చేయడం వేరు, నేర్చుకునేటప్పుడు తప్పులు చేస్తూ తడబడటం వేరు. మొదటి నెల తడబాటు ఇబ్బందిగానే ఉంటుంది, ముఖ్యంగా ముప్ఫై ఏళ్లు ఒక పనిలో ఆరితేరినవాళ్లకి. ఆ నెల దాటించండి.

ఇంకొకరికి ఉపయోగపడే పనికి కూడా ఒక గడి ఇవ్వండి, కానీ చిన్నగా మొదలుపెట్టండి, వారానికి రెండు గంటలు, మూడు నెలలు. రిటైరైన కొత్తలో ఎవరడిగినా సరే అని కమిటీల్లో చేరిపోయి ఆర్నెల్లకి ఊపిరాడక తప్పుకున్నవాళ్లున్నారు. మనుషులతో కలవలేని పరిస్థితి ఉంటే కనీసం ఒక ప్రాణం మీ మీద ఆధారపడేలా చూసుకోండి, ఒక మొక్కయినా సరే. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే పరిశోధకులు ఒక వృద్ధాశ్రమంలో కొందరికి తలా ఒక మొక్క ఇచ్చి దాన్ని చూసుకునే బాధ్యతను, తమ రోజుకి సంబంధించిన చిన్న చిన్న నిర్ణయాలను వాళ్లకే వదిలేశారు. అన్నీ సిబ్బందే చూసుకున్నవాళ్లకన్నా వీళ్లు చురుగ్గా, సంతోషంగా ఉన్నట్టు తేలింది.

ఖాళీ గడులు ఖాళీగానే

ఇప్పుడు కాగితం మీద పదో పదకొండో గడులు నిండి ఉంటాయి. మిగతావి చూస్తే చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి రాయాలనిపిస్తుంది. రాయకండి. ఒంట్లో నలతకి, అనుకోని చుట్టాలకి, ఒక పుస్తకం చేతిలోంచి వదలబుద్ధి కాని మధ్యాహ్నానికి చోటు అక్కడే. వారంలో ఒక రోజు మూడు గడులూ ఖాళీగా ఉండాలి, ఆదివారమే అవ్వాలని లేదు. నాది శనివారం. ఆరోజు అలారం ఒక్కటే మామూలు, మిగతాదేదీ ముందు అనుకోను.

టీవీ, ఫోన్ మానేయమని చెప్పను, నాకూ కావాలి. పొద్దుటి గడుల్లోకి మాత్రం రానివ్వకండి. చాలామందికి బుర్ర చురుగ్గా ఉండే పూట అది, ఒకసారి ఫోన్ తీస్తే పదకొండయ్యేదాకా తెలియదు.

తప్పిపోయినప్పుడు

తప్పిపోతుంది, అది ఖాయం. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం అలవాట్ల మీద చేసిన అధ్యయనంలో ఒక కొత్త పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు. అంటే మీ ప్లాన్ కుదురుకోవడానికి రెండు, మూడు నెలలు ఇవ్వండి, రెండో వారానికే "ఇది మనవల్ల కాదు" అని తేల్చేయకండి.

ప్రయాణాలకి, జబ్బులకి, ఇంటినిండా మనుషులున్న రోజులకి విడిగా ఒక కనీసపు వారం రాసి పెట్టుకోండి. మూడే మూడు పనులు. నావి: ఒకే టైముకి లేవడం, ఎంత తక్కువైనా ఒకసారి బయట నడవడం, ఆదివారం ఫోన్లు. మోకాలి నొప్పితో మూడు వారాలు ఇంట్లో ఉన్నప్పుడు నడక బదులు వరండాలో కూర్చోవడం పెట్టుకున్నాను, అది కూడా లెక్కే. మళ్లీ లేచాక ప్లాన్ మొత్తం ఒకేసారి మొదలుపెట్టలేదు, ముందు సోమవారం క్లాసు, వారం తర్వాత మిగతావి.

ఒకటి మాత్రం వేరుగా చూడండి. రెండు వారాలకి మించి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రో ఆకలో బాగా తగ్గడం, ఉదయం లేవాలంటేనే భారంగా ఉండటం, బతుకు దండగ అనిపించడం, ఇవి ప్లాన్ సరిగ్గా లేకపోవడం వల్ల వచ్చేవి కావు. డాక్టర్ని కలవండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి. దానికి మందు ఉంది, నయమవుతుంది.

ఆరు వారాలకోసారి పాత కాగితం ముందు పెట్టుకుని ఒక్కటంటే ఒక్క మార్పు చేయండి. ఏ గడి వస్తుందంటే ముందురోజు నుంచే నీరసం వస్తుందో దాన్ని తీసేయండి, మొహమాటం వద్దు. మొదటి ఏడాదిలో నేను తీసేసినవి రెండు, ఒకటి ఒక సంఘం మీటింగు, ఇంకొకటి అందరూ చేస్తున్నారని చేరిన ఒక క్లాసు. వాటి చోట ఒకటి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

కొత్త కాగితం రాయడానికి ఆదివారం రాత్రి పది నిమిషాలు చాలు. గుంజలు ముందు, "పనులు" పూట తర్వాత, నేర్చుకునే రెండు గడులు, ఇంట్లో మనిషితో రెండు గడులు, ఖాళీ రోజుకి పొడుగ్గా ఒక గీత. రాశాక ఫ్రిజ్ తలుపు మీద పెట్టండి, ఇద్దరికీ కనిపించేలా. ఈ వారానికి గుంజలేవీ దొరక్కపోతే ఒక్కటి పాతినా చాలు, కాగితం పక్కన పెట్టి ఎవరికో ఒకరికి ఫోన్ చేసి "సోమవారం పొద్దున నడకకి వస్తావా" అని అడగండి.